డ్యూటీ బట్టలకు ఒక తొట్టి

బెల్లంపల్లిలో కొత్తగా కడుతున్న ఇళ్ళ ప్లాన్లు చూస్తుంటాను. ఈశాన్యంలో దేవుడి గది, హాల్లో టీవీ గోడకు రంగు లైట్లు, పడకగదికో బాత్రూం. బట్టలు ఉతికే చోటు మాత్రం కాగితం మీద ఉండదు. ఇల్లంతా అయ్యాక ప్రహరీకీ గోడకూ మధ్య మిగిలిన మూడడుగుల సందులో బండ వేసి, నల్లా బిగించి, దానికి ‘వాష్ ఏరియా’ అని పేరు పెడతారు. హైదరాబాదులో ఎవరో ఇట్లా కట్టుకుంటే నాకేం పట్టింపు? బొగ్గు బాయి మీద బతికే ఊళ్ళో కడుతున్నారనే కోపం.

మా బాపు శాంతిఖని బాయిలో దిగేవాడు. మా ఆయన శ్రీరాంపూర్ వైపు బాయికి పోతాడు. రెండు తరాల డ్యూటీ బట్టలు చూసిన చేతులివి. లోపల పైకప్పు నుంచి కారే నీళ్ళు, చెమట, గ్రీజు, బొగ్గు పొడి అన్నీ కలిసి గుడ్డకు పడతాయి. బొగ్గు నీళ్ళలో కరగదు. సబ్బు దాన్ని గుడ్డ నుంచి విడదీస్తుందంతే, అది బకెట్ అడుగున పేరుకుంటుంది. అదే బకెట్లో రెండో జత ముంచితే ఆ మడ్డి మళ్ళీ దానికి ఎక్కుతుంది. అందుకే పారే నీళ్ళు కావాలి, లోతైన తొట్టి కావాలి. నేరుగా వాషింగ్ మిషన్లో వేస్తే పిల్లల స్కూలు డ్రెస్సుకు కూడా ఆ నలుపే. మా అవ్వ అదంతా గొంతుకు కూర్చుని బండ మీద ఉతికింది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులంటే అందరూ వయసు మీద తోసేస్తారు.

పెన్సిల్వేనియాలో ఉంటున్న మా చిన్నమ్మ కొడుకు ఒకసారి ఫోన్లో వాళ్ళింటి నేలమాళిగ చూపించాడు. బట్టల మిషన్ పక్కన నడుమెత్తు కాళ్ళ మీద లోతైన పెద్ద సింకు. అక్కడి పిట్స్‌బర్గ్ కూడా బొగ్గుతో, ఉక్కుతో పెరిగిన ఊరే. అక్కడి పాత ఇళ్ళ నేలమాళిగల్లో చుట్టూ గోడ కూడా లేకుండా ఒక కమోడు, తరచుగా పక్కనే ఒక సింకు ఉంటాయట. ‘పిట్స్‌బర్గ్ టాయిలెట్’ అని పేరు కూడా స్థిరపడింది. పని నుంచి వచ్చిన మనిషి నేరుగా కిందికి దిగి, మసి కడుక్కుని పైకి పోవడానికే అది పెట్టారని ఊరివాళ్ళ మాట. కాదు, మురుగు ఎదురు తంతే పై అంతస్తులో కాకుండా అక్కడే పొంగాలని పెట్టారనే వాదనా ఉంది. ఏదైనా కానీ, మురికి ఇంట్లోకి ఎక్కడ అడుగుపెడుతుందో ఆలోచించి కట్టిన ఇళ్ళవి. మాకు నేలమాళిగలు ఎక్కడివి? మా కింద ఉన్నవి తవ్వేసిన బొగ్గు గ్యాలరీలు!

చట్టం ఈ సంగతి ఎరగనిదేం కాదు. బ్రిటన్‌లో 1926 చట్టంతో బొగ్గు రాయల్టీల మీద సుంకం వేసి బాయిల దగ్గర స్నానాల గదులు కట్టించారు. మన దగ్గర 1946లో పిట్‌హెడ్ బాత్ నిబంధనలు వచ్చాయి, 1959లో మళ్ళీ రాశారు. వాటితో కార్మికుడి ఒంటికి జల్లు స్నానం, బట్టలు మార్చుకోవడానికి లాకరు. ఆ బట్టలు మాత్రం సంచిలో ఇంటికే వస్తాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995లో గనుల భద్రత మీద చేసిన సిఫారసులో బట్టలు ఉతకడానికి, ఆరబెట్టడానికి కూడా ఏర్పాట్లుండాలని రాసింది. సిఫారసు కదా, చదివి పక్కన పెట్టొచ్చు.

ఆ సంచి ఇంట్లో విప్పడం చిన్న విషయం కాదు. 1965లో న్యూహౌస్, థాంప్సన్ అనే పరిశోధకులు లండన్ రోగుల వివరాలు తీస్తే, ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీలో ఎన్నడూ పని చేయనివాళ్ళకూ మెసోథీలియోమా కాన్సర్ వచ్చినట్టు తేలింది. వాళ్ళలో కొందరు ఆ కార్మికుల ఇంటివాళ్ళు, భర్తల బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్ళు. బొగ్గు ఆస్‌బెస్టాస్ కాదు, ఆ పోలికతో ఎవరినీ భయపెట్టను. అయినా ఎండిన డ్యూటీ బట్టను వాకిట్లో దులపకూడదని, తడిపాకే ముట్టాలని మా కోడళ్ళకు గట్టిగా చెప్తాను.

మా ఇంటికి తొట్టి కట్టమంటే మేస్త్రి నవ్వాడు. “ఎందుకమ్మా, కింద గచ్చు చేసి మంచి బండ పెడత.” “ఆ బండ మీద రోజూ నువ్వు కూసోని ఉతుకుతవా అన్నా?” అన్నాను. తర్వాత మాట్లాడలేదు. ఇటుక దిమ్మెల మీద కడప బండ, దాని మీద అడుగుకు పైగా లోతున్న తొట్టి, లోపల గ్రానైటు ముక్కలు. కరీంనగర్ గ్రానైటు దుకాణాల్లో కోయగా మిగిలినవి అగ్గువకు దొరుకుతాయి. తొట్టి అంచు నేల నుంచి మూడడుగులకు ఒక ఇంచు తక్కువ. నిలబడి ఉతికితే నడుం వంగని ఎత్తు అది. పొట్టివాళ్ళుంటే ఇంకో ఇంచు తగ్గించుకోండి.

అసలు పని కింద ఉంది. సింకు పైపు ఇంచున్నర చాలంటారు ప్లంబర్లు, బొగ్గు మడ్డికి అది చాలదు, రెండించులు పెట్టించాలి. తొట్టి కింది వంపు గొట్టంలో ఎప్పుడూ నీళ్ళు నిలిస్తేనే మోరీ వాసన, బొద్దింకలు వెనక్కి రావు. ప్రతి నాలుగడుగులకు ఇంచు వాలు ఉండాలి. మోరీలో కలిసే ముందు మూతున్న చిన్న గుంత కట్టించుకుంటే మడ్డి అందులో ఆగుతుంది, వారానికోసారి ఎత్తి పారబోస్తే సరి. ఆ గుంత లేని ఇళ్ళ నుంచే మా గల్లీ మోరీ ప్రతి వానాకాలం నిండుతుంది. హైదరాబాదులో సెల్లార్‌లో సింకు పెట్టుకునేవాళ్ళకు ఇంకో తిప్పలు. రోడ్డు మురుగు లైను కంటే నేల కిందికి ఉంటే నీళ్ళు వాటంతట అవి పైకెక్కవు, మోటారు, వెనక్కి రానివ్వని వాల్వు రెండూ కావాలి. మా ఊళ్ళో ఆ ఖర్చు లేదు, అయినా కట్టుకోరు.

ఖైరిగూడ, గోలేటి దిక్కు బొగ్గు పనికి పోయే కాంట్రాక్టు కుర్రాళ్ళు ఒక్క గది అద్దెకు తీసుకుని నలుగురు ఉంటారు. అక్కడ బండ కూడా ఉండదు, బాత్రూంలోనే ఉతుకుడు. గదికి ఇంత అని కిరాయి తీసుకునే ఇంటి యజమానులు పెరట్లో అందరికీ కలిపి ఒక తొట్టి కట్టిస్తే ఏం పోతుంది?

గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికలొస్తే కార్మికుల సొంతింటి పథకం మాట వినిపిస్తూనే ఉంటుంది. ఈసారి ఓట్లడగడానికి మా వాకిట్లోకి వచ్చే నాయకులను నేను అడగబోయేది రెండే. బాయి మీద డ్యూటీ బట్టలకు లాండ్రీ పెట్టించండి. అది తేలేదాకా, మీరు అడిగే సొంతింటి ప్లానులో పెరటి వైపు నడుమెత్తు తొట్టి గీయించుకుని రండి. మాట్లాడటానికి మా ఆయనను పిలవకండి, ఉతికేది నేను.