మా ఇంట్లో టీ తాగుతారా?

టీ హోటళ్లలో రెండు గ్లాసుల గురించి మన పత్రికల్లో చాలా రాశాం. ఇంకా రాయాల్సిందే. చూరులో దోపిన గ్లాసు మనమే తీసుకుని, తాగి, మనమే కడిగి మళ్లీ అక్కడే దోపిన రోజులు మన తండ్రులవి. గ్లాసు కూడా దక్కక కొబ్బరిచిప్ప పట్టుకుని నిలబడ్డామని చెప్పే ముసలాళ్లు కోనసీమ పేటల్లో ఇంకా ఉన్నారు. అది నేరమని 1955లోనే చట్టం వచ్చింది. 1976లో దానికి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. హోటల్లో కులం పేరుతో గ్లాసు వేరు పెడితే నాలుగో సెక్షను కింద నెలకు తగ్గకుండా ఆరు నెలల దాకా జైలు. కాగితం మీద బాగానే ఉంది. హోటలువాళ్లు కూడా కాగితాన్నే నమ్ముకున్నారు, కాగితం కప్పు తెచ్చారు. అందరికీ అదే కప్పు, తాగి పారెయ్యడమే. ఎవరు తాగిన గ్లాసు ఎవరు కడగాలన్న పేచీ పోయింది. కులమే పోయిందని కొందరు సంబరపడ్డారు.

మేము ఇప్పుడు మాట్లాడేది హోటలు గురించి కాదు, ఇంటి గురించి. మన పొయ్యి మీద, మన బిందెలో నీళ్లతో, మన చేత్తో కాచిన టీ గురించి. హోటలువాడు టీ పొయ్యకపోతే కేసు పెడతాం. మన ఇంటి టీ తాగనివాడి మీద ఏ సెక్షను పెడతాం?

మాతో ఏళ్ల తరబడి ఒకే స్టాఫ్ రూములో కూర్చునే సాటి మేష్టర్లున్నారు. మంచివాళ్లే. యూనియన్లో మాతోపాటు జెండా పట్టుకుంటారు. పేటలో మా ఇళ్లకొస్తారు, అరుగు మీద కూర్చుంటారు. టీ అనేసరికి, "ఇప్పుడే తాగొచ్చానండి మేష్టారూ" అంటారు. కాకపోతే "షుగరండీ" అంటారు. పంచదార లేకుండా పెడతామంటే "పాలు పడవండీ". పాలు లేకుండా వట్టి ఆకు టీ పెడతామంటే గ్యాస్ ట్రబుల్. మన గడప దగ్గరకొచ్చేసరికి ఎన్ని రోగాలో పాపం! అదే మనిషి గంట తర్వాత సెంటర్లో బడ్డీ దగ్గర పంచదార దట్టించిన టీ ఊదుకుంటూ కనపడతాడు. నిజంగా షుగరున్నవాళ్లు ఉంటారు, కాదనం. మాలోనూ ఉన్నారు. వాళ్లు బడ్డీ దగ్గర కూడా వద్దంటారు.

గోదావరి జిల్లాల్లో దీనికి మర్యాదైన దారి ఒకటుంది, కొబ్బరిబొండం. పేటకి ఆఫీసరొచ్చినా, నాయకుడొచ్చినా బొండాలు కొట్టిస్తారు. చూసేవాళ్లకి మహా గౌరవం. బొండంలో నీళ్లు ఎవరూ ముట్టుకున్నవి కాదు, కాచినవి కాదు. చుట్టూ పీచుంది, టెంకుంది. అరటిపండుకి తొక్కుంది. కూల్ డ్రింకుకి మూతుంది. టీకి అలాంటిదేమీ లేదు. అందులో మన నీళ్లున్నాయి, మన గిన్నె ఉంది, మన చెయ్యుంది. బొండం దిగిన గొంతులో టీ ఎందుకు దిగదో ఇక చెప్పక్కర్లేదు.

టీ అంటే ఎంతైనా కాచిన నీళ్లే. మనకీ వాళ్లకీ తగువు మొదలయ్యేది నీళ్ల దగ్గరే. 1927లో మహద్ చెరువు దగ్గర అంబేడ్కర్ దోసిలి పట్టింది నీళ్లకే. 1985లో కారంచేడు చెరువు దగ్గర మొదలైన మాట ఆరుగురి ప్రాణాలు తీసింది. 2011-12లో ఢిల్లీలోని ఎన్.సి.ఎ.ఇ.ఆర్., అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీ కలిసి దేశమంతా 42 వేల పైచిలుకు ఇళ్లు తిరిగి సర్వే చేశాయి. దళితులు మీ వంటింట్లోకొస్తే, మీ గిన్నెలు వాడితే ఫరవాలేదా అని కూడా అడిగారు. అంటరానితనం ఏదో ఒక రూపంలో పాటిస్తామని 27 శాతం ఇళ్లవాళ్లు నోటితో ఒప్పుకున్నారు. ఇది ఒప్పుకున్నవాళ్ల లెక్క. "ఇప్పుడే తాగొచ్చాను" అనేవాళ్లు ఏ గడిలో పడ్డారో! పైగా ఆ ప్రశ్న వాళ్ల వంటింటిది. మా ప్రశ్న మన వంటింటిది.

2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో అందరూ చూశారు. కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దని రోడ్డెక్కినవాళ్లు దళిత మంత్రి ఇల్లు తగలబెట్టారు. పేరు నిలబడింది. కానీ బోర్డు మీద పేరే మింగుడుపడనివాళ్లకి మన గ్లాసు ఎక్కడ మింగుడుపడుతుంది?

అసలు టీకి మడేమిటి? టీ ఏ శాస్త్రంలోనూ లేదు. మన తాతలకి చద్దన్నం తెలుసు, గంజి తెలుసు, టీ తెలీదు. 1903లో తెల్లదొరల ప్రభుత్వం టీ మీద సెస్సు వేసి ఆ డబ్బుతో ప్రచారం పెట్టింది. 1930లలో ఊళ్లమీదికి మనుషుల్ని పంపి టీ ఎలా కాయాలో చూపించి ఊరికే పోయించారు. నిన్న గాక మొన్నొచ్చిన ఆకు. రావడం ఆలస్యం, దానికీ అంటు కట్టారు. మరి ఆ ఆకు కోసేదెవరు? మూన్నారు, వాల్పరై తోటల్లో ఎక్కువమంది తమిళ దళిత ఆడవాళ్లు. అస్సాంలో ఛోటానాగపూర్ నుంచి, ఒడిశా నుంచి, మన ఉత్తరాంధ్ర మన్యం వైపు నుంచి పట్టుకుపోయిన కూలీల సంతతి. 2015 సెప్టెంబరులో మూన్నారులో బోనసు 20 నుంచి 10 శాతానికి కోస్తే, ఆ ఆడవాళ్లు యూనియన్ నాయకుల్ని పక్కకి నెట్టి తొమ్మిది రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. పెంబిళై ఒరుమై అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల చేతిలో నలిగిన ఆకు అగ్రహారంలో పనికొస్తుంది, మన చేతిలో మరిగితే పనికిరాదు!

మనవాళ్లకీ ఒక మాట. మన ఉద్యోగస్తుల ఇళ్లల్లో ఒక అలవాటు పెరుగుతోంది. పెద్దకులం స్నేహితుడొస్తే అడక్కముందే కుర్రాణ్ణి సెంటరుకి తోలి ఫ్లాస్కులో హోటలు టీ తెప్పిస్తారు. "తాగరు కదా, ఇబ్బంది పెట్టడమెందుకు" అంటారు. ఇది మర్యాద కాదు. వాళ్లు అనాల్సిన మాట వాళ్ల తరఫున మనమే అనేస్తున్నాం. వద్దనే కష్టమేదో వాళ్లనే పడనివ్వండి.

టీ మాత్రం బాగా పెట్టండి. డస్టు హోటళ్లకి వదిలెయ్యండి. రంగు తొందరగా దిగుతుందని, కిలోకి కప్పులు ఎక్కువొస్తాయని వాళ్లు వాడతారు. పొద్దుటి డికాక్షన్ సాయంత్రం దాకా మరిగిస్తారు, ఆ వగరు అందుకే. ఇంటికి ఆకు టీ తెచ్చుకోండి. మనిషికి చెంచా, అంటే 2 గ్రాములు చాలు. నీళ్లు తెర్లాక దించి, ఆకు వేసి, మూతపెట్టి 4 నిమిషాలు వదిలెయ్యండి. ఆకు విచ్చుకుని అడుక్కి దిగుతుంది. అప్పుడు వడకట్టి, వేరే కాచిన పాలు కలపండి. బెల్లం వేసుకునేవాళ్లు పొయ్యి మీద ఉండగా వెయ్యకండి, పాలు విరుగుతాయి. లూజుగా అమ్మే పొడిలో రంగు కలుపుతారు. తెల్ల కాగితం మీద పోసి, నీళ్లు చిలకరించి, కాసేపాగి కాగితం కడిగి చూడండి. మచ్చలు మిగిలితే ఆ కొట్టు మానెయ్యండి.

ఇంకొకటి. నాట్లకీ కోతలకీ వెళ్లే మన ఆడవాళ్లు పొద్దున్నే టీ తాగి, ఆ వెంటనే అన్నం తిని పోతారు. కొన్నిసార్లు అన్నం బదులే టీ. టీలోని వగరు తిండిలో ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. రక్తం తక్కువున్న మనుషులకి ఇది చిన్న సంగతి కాదు. అన్నానికీ టీకీ మధ్య గంటైనా ఎడం ఉండాలి. అన్నం బదులు టీ తాగుతున్నారంటే అది టీ మీద మోజు కాదు, కూలి చాలక.

ఏప్రిల్ 14 వస్తోందంటే పేటల్లో లెక్కలు మొదలవుతాయి. దండలు, మైకు, వక్తలకి కూల్ డ్రింకులు, బొండాలు. ఈసారి కమిటీల వాళ్లు ఆ ఖాతా కొట్టేసి కిలో ఆకు టీ, పాలు రాసుకోండి. పొయ్యి సభ పక్కనే పెట్టండి. కాగితం కప్పులొద్దు. పేటలో ఇళ్ల నుంచి స్టీలు గ్లాసులు తెచ్చి, మైకు ఇవ్వకముందే వేదిక మీద అందరి చేతికీ ఇవ్వండి. ఎవరు తాగారో, ఎవరికి అప్పుడే షుగరొచ్చిందో మాకు రాసి పంపండి.