పూల పెరట్లో పూల్ ఎందుకు?

మొన్న ఆదివారం పొద్దున్న మా పెరట్లో సున్నంతో గీతలు పడ్డాయి. గడప ముందు ముగ్గు వేసేది నేనే గానీ, ఈ గీతలు గీసింది మాత్రం ఒక కాంట్రాక్టరు. పొడవు 25 అడుగులు, వెడల్పు 12. ఒక చివర జామచెట్టు మొదలు దాటిపోయింది, ఇంకో చివర అత్తయ్య మల్లెపందిరి కిందకి వచ్చి ఆగింది. టేపు ఒక కొస మావారు పట్టుకున్నారు, రెండో కొస అతను. నేను కాఫీ గ్లాసులతో వెళ్ళి "ఇదేంటండీ?" అన్నాను.

"స్విమ్మింగ్ పూల్. నీకు చెప్పాగా" అన్నారు.

చెప్పారు, నిజమే. నెల కిందట టీవీ చూస్తూ "మనమూ ఒక పూల్ కట్టిస్తే ఎలా ఉంటుంది?" అన్నారు. నేను వంకాయలు తరుగుతూ "ఊ" అన్నాను. ఆ "ఊ" ఇప్పుడు సంతకం పెట్టిన కాగితం అయిపోయింది.

వరండాలో కూర్చున్న అత్తయ్య "ఏమిటిట?" అని అడిగారు. "పూల్ అత్తయ్యా" అన్నాను. "పూలా? మంచిదే. కనకాంబరాలు కూడా వేయించమను" అన్నారు.

ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. మధ్యాహ్నానికి కోపం మిగిలింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. నా మాట ఒక్కటే: మనలాంటి ఇంట్లో, మనలాంటి ఊళ్ళో, పెరట్లో సొంత ఈతకొలను తవ్వించడం తప్పు. డబ్బుంది కదా అన్నా తప్పే. పైగా ఆ తప్పు బరువు మోయాల్సింది ఆ ఇంటి ఆడది.

ముందు నీళ్ళ సంగతి. మేముండేది హైదరాబాదులో, వనస్థలిపురం వైపు. మావయ్యగారు ఎనభైల్లో 500 గజాలు కొని ఇల్లు కట్టారు. మాకు కృష్ణా నీళ్ళు వస్తాయి, అదీ రోజు విడిచి రోజు. ఆ నీళ్ళు సాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో, పంపుల మీద పంపులతో ఎత్తెక్కి మన కుళాయిలోకి చేరతాయి. బోరు మార్చి దాటితే గాలి కక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు కోసం ఫోన్ పట్టుకుని కూర్చునేది ఎవరు? నేను. ట్యాంకరు రాత్రి పదకొండింటికి వస్తే పైపు పట్టుకుని సంపు దగ్గర నిలబడేది ఎవరు? అదీ నేనే.

ఇప్పుడు పూల్ లెక్క చూడండి. 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు. అంటే 1,350 ఘనపుటడుగులు, దాదాపు 38 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలని మన దేశంలో సర్కారు వేసుకున్న లెక్క. ఆ లెక్కన ఇంట్లో మేం అయిదుగురం 56 రోజులు వంట, స్నానం, బట్టలు అన్నీ కానిచ్చే నీళ్ళని ఒక గొయ్యిలో పోసి చూస్తూ కూర్చోవాలి.

"ఒక్కసారి నింపితే చాలు, ఏడాదంతా అవే నీళ్ళు" అన్నాడు కాంట్రాక్టరు. ఎండ మాట అతను ఎత్తలేదు. మన వేసవిలో నిలవ నీరు రోజుకి అర సెంటీమీటరుకి తక్కువ కాకుండా ఆవిరవుతుంది. 300 చదరపుటడుగుల నీటి మీద అర సెంటీమీటరంటే 140 లీటర్లు. అంటే పెద్ద బిందెలతో పది బిందెలు, ప్రతిరోజూ, ఎవరూ తాగకుండా, ఒక మొక్కకి పొయ్యకుండా ఆకాశానికి పోతాయి. ఫిల్టరు కడిగినప్పుడల్లా మోరీలోకి పోయే నీళ్ళు దీనికి అదనం.

2024 మార్చిలో బెంగుళూరు నీళ్ళకి కటకటలాడినప్పుడు, ఈతకొలనుల్లో తాగునీరు వాడితే అయిదు వేల జరిమానా అని అక్కడి జలమండలి ప్రకటించింది. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మనిషికి రోజుకి 50 లీటర్లే అని గీత గీసి, కుళాయి నీళ్ళతో కొలనులు నింపడం నిషేధించారు. ఎక్కడ కరువొచ్చినా మొదట ఆపమనేది ఈ పూల్‌నే. అంటే అది అవసరం కాదని అందరికీ ముందే తెలుసు. కరువు వచ్చేదాకా ఒప్పుకోరు, అంతే.

ఇక చాకిరీ సంగతి. ఇది మగవాళ్ళ లెక్కల్లో ఎప్పుడూ ఉండదు. ఎస్టిమేటు కాగితంలో తవ్వకం ఉంది, బ్రేకరుతో రాయి కొట్టడం ఉంది, కాంక్రీటు, ఇనుము, వాటర్ ప్రూఫింగ్, నీలం టైల్స్, పంపు, ఫిల్టరు, లైట్లు అన్నీ ఉన్నాయి. మొత్తం పదిహేను లక్షలు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు రోజూ దాన్ని చూసుకునేవాళ్ళ వరస మాత్రం లేదు.

నేనే రాసి చూపిస్తాను. రోజూ పొద్దున్నే వలతో ఆకులు తియ్యాలి. మాఘమాసంలో మామిడిపూత, వేసవిలో వేపపూలు, ఏడాది పొడుగునా జామాకులు. వారానికోసారి అడుగున మట్టి పీల్చాలి, గోడలు రుద్దాలి. నీళ్ళలో క్లోరిన్ లీటరుకి ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల మధ్య ఉందో లేదో, పీహెచ్ 7.2 నుంచి 7.8 లోపల ఉందో లేదో చూడాలి. తగ్గితే పొడి, పెరిగితే యాసిడ్. ఆ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిస్తే విషవాయువు పుడుతుంది కాబట్టి వేర్వేరు చోట్ల, పిల్లలకి అందకుండా దాచాలి. ఒక హార్స్‌పవర్ పంపు రోజుకి ఆరు గంటలు తిరిగితే నెలకి 135 యూనిట్లు. మా ఇంటి బిల్లు పై శ్లాబులోకి ఎక్కి కూర్చుంటుంది. వానాకాలంలో నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే పాచి, ఇంకో నాలుగు రోజులు చేస్తే దోమలు. డెంగీ దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుందని మనకి తెలియనిది కాదు.

విసుగొచ్చి ఖాళీ చేసేద్దామన్నా కుదరదు. భూమిలో కట్టిన తొట్టి ఖాళీగా ఉంటే, వానలకి చుట్టూ నీరు ఊరినప్పుడు కింది నుంచి ఒత్తిడి వచ్చి పగిలిపోతుంది. ఇష్టం ఉన్నా లేకపోయినా నింపి ఉంచాల్సిందే.

"మనిషిని పెడదాం" అంటారు మావారు. పెట్టండి. ఆ మనిషి రాని రోజు వల ఎవరి చేతికి వస్తుందో ఇది చదువుతున్న మీకు చెప్పనక్కర్లేదు. పనిమనిషి రాకపోతే గిన్నెలు ఎవరివో, పూల్ మనిషి రాకపోతే ఆకులూ వాళ్ళవే.

మూడోది ప్రాణం సంగతి. మా మరిదికి రెండేళ్ళ పాప. పండక్కి వస్తే ఇల్లంతా దానిదే, ఒక్క నిమిషం కాలు నిలవదు. చిన్నపిల్లలు నీళ్ళలో పడితే సినిమాల్లోలాగా కేకలు పెట్టరు, చేతులు కొట్టుకోరు. చప్పుడే ఉండదు. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోతుంది. నాలుగువైపులా నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకునే తలుపు ఉండాలని ఈ విషయం తెలిసినవాళ్ళంతా చెబుతారు. కాంట్రాక్టరుని అడిగాను. "కంచె పెడితే లుక్ పోతుంది మేడమ్" అన్నాడు.

లుక్!

మన పెద్దవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో అప్పుడర్థమైంది. ఏ పెరట్లో బావి తవ్వినా నడుమెత్తు గోడ కట్టకుండా వదల్లేదు. నేల మట్టానికి నీళ్ళు పరిచి, చుట్టూ నున్నటి టైల్స్ వేసి, దానికి అందం అని పేరు పెట్టలేదు. కంచె లేని పూల్‌కి కాపలా ఎవరు? పండగపూట బూరెలు వేస్తూ కిటికీలోంచి నిమిషానికోసారి పెరట్లోకి చూసేది ఎవరు? ఆ భయం నా గుండెల్లో పెట్టుకుని నేను గారెలు, బూరెలు వండలేను.

ఇంతకీ అందులో దిగేదెవరు? మా ఇంటికి మూడువైపులా నాలుగంతస్తుల అపార్టుమెంట్లు. ఎటు తల ఎత్తినా బాల్కనీలే. మా అమ్మాయి "అమ్మా, నేనైతే అందులో దిగను. అందరూ చూస్తుంటారు" అని మొదటిరోజే చెప్పేసింది. అత్తయ్య దిగరు. నాకు ఈత రాదు. ఇక మిగిలింది మావారు, మా అబ్బాయి, ఆదివారం వచ్చే స్నేహితులు. ముగ్గురు నలుగురు మగవాళ్ళు నీళ్ళలో కూర్చుంటే, పకోడీల ప్లేట్లతో అటూ ఇటూ తిరిగేది నేను. ఇంటి పెరడంటే ఇన్నాళ్ళూ ఆడవాళ్ళ చోటు. వడియాలు అక్కడే పెట్టాను, తల అక్కడే ఆరబెట్టుకున్నాను, ఏడుపొస్తే అక్కడికే వెళ్ళి ఏడ్చాను. అది కూడా ఇప్పుడు ముందుగదిలాగా వచ్చినవాళ్ళకి చూపించే చోటైపోతే నాకు మిగిలేది వంటిల్లు.

మావారి వైపు మాటా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, డాక్టరు ఈత మంచిదన్నారు. అది నిజమే. నీళ్ళలో ఒంటి బరువు కీళ్ళ మీద పడదు. పైగా పిల్లలకి ఈత రావాలన్నారు. ఈ మాట ఆయన కంటే నేను గట్టిగా అంటాను. మా పుట్టింటి ఊళ్ళో కృష్ణా కాలవ ఉంది. మా అన్నయ్యలిద్దరూ నడుముకి సొరకాయ బుర్రలు కట్టుకుని వారం రోజుల్లో ఈత నేర్చుకున్నారు. నేను అదే రేవులో మెట్ల మీద కూర్చుని వాళ్ళ చొక్కాలు కాపలా కాశాను. ఆడపిల్లని నీళ్ళలోకి ఎవరు దింపుతారు? నలభై దాటినా మోకాలి లోతు నీళ్ళు చూస్తే ఇప్పటికీ నాకు గుండె దడ.

కాబట్టి నా పోట్లాట ఈత మీద కాదు. ఈత కావాలంటే ఊళ్ళో మునిసిపల్ ఈతకొలను ఉంది. ఆడవాళ్ళకి విడిగా ఒక గంట, నేర్పడానికి ఒక ఆవిడ. ఒకే నీళ్ళలో రోజుకి వందమంది దిగుతారు, అవే నీళ్ళు అందరికీ పనికొస్తాయి. మోకాళ్ళకి ఆ నీళ్ళయినా ఈ నీళ్ళయినా ఒకటే. నెల ఫీజు మా ఇంటి పాలబిల్లులో సగం లేదు. ఈత కోరిక ఆ డబ్బుతో తీరిపోతుంది. మిగతా పదిహేను లక్షలు దేనికి? వాళ్ళ ఆఫీసులో ఒకాయన ఊరి బయట విల్లా కొని పూల్ పక్కన దావత్ ఇచ్చారు, అందుకు. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అని ఊరికే అనలేదు.

ఇక అసలు మాట. మా పెరట్లో గొయ్యి ఇప్పటికే ఒకటి ఉంది. మావయ్యగారు తవ్వించిన నలభై అడుగుల బావి. అత్తయ్య కాపురానికి వచ్చిన కొత్తలో గిలక మీద చేంతాడు వేసి తోడుకున్న బావి అది. చుట్టూ బోర్లు పడ్డాక ఎండిపోయింది. పైన సిమెంటు పలక వేసి మూసేశాం. ఇప్పుడు దాని మీద తులసికోట కుండీలు పెట్టుకున్నాం. మనకి కింద ఉన్నది నల్లరాతి నేల. పైపొరలోకీ రాతి పగుళ్ళలోకీ ఇంకిన కాస్త నీరే మన భూగర్భ జలం. మనం తోడిందే గానీ తిరిగి ఇచ్చింది లేదు.

మా డాబా 1,200 చదరపుటడుగులు. హైదరాబాదులో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ డాబా మీద పడేది 89 వేల లీటర్లు. అయిదో వంతు వృథా పోయినా 70 వేలు. మనం డబ్బిచ్చి నింపుదామనుకుంటున్న పూల్‌కి దాదాపు రెండింతలు! అన్నీ గొట్టంలోంచి వీధిలోకి, వీధిలోంచి మోరీలోకి పోతున్నాయి. ఆ గొట్టాన్ని ఇటు తిప్పి, కంకర, బొగ్గు, ఇసుక వేసిన తొట్టిలోంచి వడగట్టి పాత బావిలోకి వదిలితే చాలు. పూల్ టైల్స్‌కి అయ్యే ఖర్చులో పిసరంత. బావి ఒక్క ఏడాదిలో నిండుతుందని నేననను. కానీ మన గొయ్యిలోకి పోసిన నీళ్ళు ఎండకి ఆవిరైపోవు, పక్కింటివాళ్ళ బోరుకి కూడా ఊటగా చేరతాయి.

ఇదంతా మావారికి చెప్పాను, కాగితం మీద లెక్క వేసి చూపించాను. "చూద్దాంలే" అన్నారు. ఆయన "చూద్దాంలే"కి అర్థం నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

అందుకని సోమవారం పొద్దున్న ఆయన ఆఫీసుకి వెళ్ళాక కాంట్రాక్టరుకి నేనే ఫోన్ చేశాను. "బ్రేకరు తీసుకురావద్దు. పెరడు ఇవ్వడం లేదు" అన్నాను. "సార్ చెప్పారా మేడమ్?" అన్నాడు. "నేను చెబుతున్నాను" అన్నాను. పెట్టేశాక చెయ్యి వణికింది, దాచుకోను. ఆయన్ని అడగకుండా ఈ ఇంట్లో నేను ఆపిన మొదటి పని ఇదే.

సాయంత్రం ఆయన వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు బావి మీద పలక ఎంత బరువుంటుందని అత్తయ్యని అడుగుతుంటే విన్నాను. అది ఒప్పుకోవడమో, ఊరికే అడగడమో ఇంకా తెలీదు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి నేనూ మా అమ్మాయీ ఆడవాళ్ళ బ్యాచీలో చేరుతున్నాం. మా పెరట్లో సున్నం గీతలు ఇంకా చెరగలేదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా టేపు పట్టుకుని పెరట్లోకి వెళితే, కాఫీ ఇచ్చేముందే అడగండి: నీళ్ళెక్కడివి, చాకిరీ ఎవరిది, కాపలా ఎవరు, దిగేదెవరు? వంకాయలు తరుగుతూ మాత్రం "ఊ" అనకండి.