ఫ్లాపు ఎవరు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమంటే, "కష్టపడి చదవండి, పైకి రండి" అని నాలుగు ముక్కలు రాసి పంపడం తేలిక. ఆ మాట మీరు వార్డెన్ సార్ నోట రోజూ వింటూనే ఉంటారు. అందుకే నేను క్రికెట్ గురించి రాస్తున్నాను.

పోయినసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు స్టడీ అవర్ అయిపోయింది. పళ్ళేలు పట్టుకుని అందరూ వరుసలో నిలబడ్డారు. నా ముందు ఇద్దరు తమ్ముళ్ళు గట్టిగా వాదించుకుంటున్నారు. ఐపీఎల్ చరిత్రలో అందరికంటే పెద్ద "వేస్ట్ గాడు" ఎవరని! ఒకడు రిషబ్ పంత్ అంటాడు. ఇంకొకడు కాదు, మన సన్‌రైజర్స్‌కు ఆడిన హ్యారీ బ్రూక్ అంటాడు. నేనూ ఆ వాదనలో దిగబోయి ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో చెప్పడానికే ఈ వ్యాసం.

2010లో నేను తొమ్మిదో తరగతి. మా బ్యాచ్‌లో ఒక ఆట ఉండేది. లెక్కల నోటు వెనక పేజీలో, ఆ రోజు ఆడే రెండు జట్లలో నుంచి పదకొండు మంది పేర్లు రాసుకోవాలి. పరుగుకు ఒక పాయింటు, క్యాచ్‌కు పది, వికెట్టుకు ఇరవై. ఒకడిని కెప్టెన్‌గా పెట్టుకుంటే వాడి పాయింట్లు రెండింతలు. మర్నాడు పేపర్లో ఆటల పేజీ చూసి లెక్క కట్టాలి. రాత్రి మ్యాచ్ ఆలస్యమై పేపర్లో స్కోరు రాకపోతే ఇంకో రోజు ఆగాలి. పందెం ఏమిటంటారా? మెస్‌లో ఇచ్చే ఉడకబెట్టిన గుడ్డు!

అంతకుముందు ఏడాది గిల్‌క్రిస్ట్ 495 పరుగులు కొట్టాడు కదా అని 2010లో ఆయన్నే నమ్ముకుని కెప్టెన్‌గా పెట్టాను. ఆ ఏడాది ఆయనకు అంత జోరు లేదు. నా గుడ్లు వరుసగా పోయాయి. వాటిని గెలిచినవాడు మా క్లాసులో లెక్కల పరీక్ష తప్పేవాడు! పరీక్షలో లెక్క రాదు గానీ పాయింట్ల కూడికలో ఒక్కటి తప్పు పోయేవాడు కాదు. గెలిచిన గుడ్డును సగం చేసి ఓడినవాడికే ఇచ్చేవాడు. వాణ్ణి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఈ ఆటకు ఫ్యాంటసీ గేమ్ అని పేరుందని మాకు అప్పుడు తెలియదు. 1962లోనే అమెరికాలో విల్‌ఫ్రెడ్ వింకెన్‌బాక్ అనే ఆయన తన మిత్రులతో కలిసి అక్కడి ఫుట్‌బాల్‌కు ఇలాంటి ఆటే కనిపెట్టాడు. ఆయన ఓక్లండ్ రైడర్స్ జట్టులో ఒక వాటాదారు. ఇప్పుడు అక్కడ లక్షలాది మంది దాన్ని ఆడతారు. ఏటా సీజన్ అయ్యాక "ఈసారి పెద్ద ఫ్లాపు ఎవరు" అని జాబితాలు వేస్తారు. 2017లో చాలామంది డేవిడ్ జాన్సన్‌ను అందరికంటే ముందు ఎంచుకున్నారు. మొదటి మ్యాచ్‌లోనే మణికట్టు దెబ్బతిని ఆయన సీజన్ అంతటితో ముగిసింది. 2018లో లెవియన్ బెల్‌ను అలాగే ముందు ఎంచుకున్నారు. ఆయనకు పిట్స్‌బర్గ్ జట్టుతో ఒప్పందం దగ్గర పేచీ వచ్చి ఆ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇద్దరూ ఫ్లాపుల జాబితాకెక్కారు. ఇప్పుడు చెప్పండి, చెయ్యి దెబ్బతిన్నవాడు ఏం తప్పు చేశాడు? తన కూలి కోసం పట్టుబట్టినవాడు మనకేం బాకీ పడ్డాడు?

మన దగ్గరికి వద్దాం. 2008లో మొదటి ఐపీఎల్. మన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్. ఎక్కువ డబ్బుతో మంచి ఆటగాళ్ళను కొనుక్కోవచ్చని లక్ష్మణ్ తనకు రావలసిన "ఐకాన్" హోదాను వదులుకున్నాడు. ఆ డబ్బుతో సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నారు. ఆ వేలంలో ధోనీ తర్వాత అదే పెద్ద ధర. గిల్‌క్రిస్ట్, గిబ్స్, ఆఫ్రిది, రోహిత్ శర్మ కూడా మనవాళ్ళే. కాగితం మీద చూస్తే కప్పు మనదే! ఏమైంది? 14 మ్యాచ్‌ల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచాం. ఆఫ్రిది 10 మ్యాచ్‌ల్లో 81 పరుగులు చేశాడు. సైమండ్స్ ఒక సెంచరీ కొట్టాడు, ఆ మ్యాచ్ కూడా ఓడాం. కొద్ది మ్యాచ్‌లు ఆడి ఆయన ఆస్ట్రేలియా తరఫున ఆడటానికి వెళ్ళిపోయాడు. ఊరంతా తిట్టింది, నేనూ తిట్టాను. మరుసటి ఏడాది 2009లో అదే గిల్‌క్రిస్ట్ కెప్టెన్‌గా, అదే గిబ్స్, రోహిత్, సైమండ్స్‌లతో జొహన్నెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చారు. ఒక్క ఏడాదిలో వాళ్ళు కొత్తగా పుట్టలేదు కదా!

యువరాజ్‌ను 2015లో ఢిల్లీ 16 కోట్లకు కొంది. 14 మ్యాచ్‌ల్లో 248 పరుగులు. "పదహారు కోట్లు దండగ" అన్నారు. మరుసటి ఏడాది సన్‌రైజర్స్ ఆయన్ను 7 కోట్లకు తీసుకుంది, ఆ ఏడాదే మనకు కప్పు వచ్చింది. ఫైనల్లో యువరాజ్ 23 బంతుల్లో 38 కొట్టాడు. హ్యారీ బ్రూక్‌ను 2023లో సన్‌రైజర్స్ 13.25 కోట్లకు కొంది. 11 మ్యాచ్‌ల్లో 190 పరుగులు, అందులో 100 ఒక్క మ్యాచ్‌లోనే. ఆ "ఫ్లాపు" 2024 అక్టోబరులో ముల్తాన్ టెస్టులో పాకిస్తాన్ మీద 317 కొట్టాడు. పంత్‌ను లక్నో 27 కోట్లకు కొంది, అప్పటికి అదే ఐపీఎల్ రికార్డు ధర. 2025లో మొదటి 13 మ్యాచ్‌ల్లో 151 పరుగులు, చివరి మ్యాచ్‌లో 118 నాటౌట్. అదే ఏడాది జులైలో మాంచెస్టర్ టెస్టులో పాదం ఎముక విరిగినా కుంటుకుంటూ వచ్చి అర్ధశతకం పూర్తి చేశాడు. స్టార్క్ సంగతి మనకు బాగా తెలుసు. 2024లో కోల్‌కతా 24.75 కోట్లు పెట్టింది. మొదటి రెండు మ్యాచ్‌ల్లో వికెట్ లేకుండా 100 పరుగులిచ్చాడు. అందరూ నవ్వారు. చివరికి ఫైనల్లో 14 పరుగులకు 2 వికెట్లు తీసి మన సన్‌రైజర్స్‌నే ముంచాడు!

ధర అంటే ఏమిటో మన ప్రాంతం వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మదనపల్లె యార్డులో టమోటా వేలం చూడనివాడు మనలో ఎవడు? 2023 జులై నెలాఖరులో కిలో 200 రూపాయల దాకా పలికింది. నెలన్నర తిరక్కుండానే అమాంతం పడిపోయింది. అదే చేను, అదే నారు, అదే రైతు. కాయలో రుచి తగ్గిందా? రైతు చెమట తగ్గిందా? లేదు. ఆ రోజు యార్డుకు ఎన్ని లోడ్లు వచ్చాయి, బయటి నుంచి ఎంతమంది వ్యాపారులు దిగారు అన్నదాన్ని బట్టి ధర. ఆటగాడి వేలం కూడా అంతే. ఇద్దరు యజమానులకు ఒకే ఆటగాడు కావాలి, ఇద్దరి సంచిలోనూ డబ్బుంది, పంతానికి పోయారు, ధర ఎక్కింది. ఆ ధర కట్టినవాడు ఆటగాడు కాదు. కానీ లెక్క తప్పినప్పుడు మాట పడేది మాత్రం ఆటగాడే!

"కోట్లు తీసుకున్నాడు గదన్నా, అనకూడదా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆటను అనండి. షార్ట్ పిచ్ బంతి ఆడలేకపోతున్నాడనండి, ఫీల్డింగ్ బాగాలేదనండి. డబ్బు తీసుకున్నవాడు ఆ మాట పడాలి. కానీ "ఈ రోజు సరిగా ఆడలేదు" అనడానికీ, "వీడు వేస్ట్ గాడు" అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది ఆట మీద మాట, రెండోది మనిషి మీద తీర్పు.

మన హైదరాబాద్ సిరాజ్‌నే చూడండి. ఆటో డ్రైవర్ కొడుకు. 2017లో 20 లక్షల కనీస ధరతో మొదలై 2.6 కోట్లకు సన్‌రైజర్స్‌లో చేరాడు. 2019లో బెంగళూరుకు ఆడుతూ 9 మ్యాచ్‌ల్లో 7 వికెట్లే తీశాడు, పరుగులు బాగా ఇచ్చాడు. క్రికెట్ మానేసి నాయనతో పాటు ఆటో తోలుకొమ్మని జనం తనను గేలి చేశారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. గమనించారా తమ్ముళ్ళూ? బౌలింగ్‌ను తిట్టడంతో ఆగలేదు, నాయన చేసే పని దాకా వెళ్ళారు. మనల్ని తిట్టేవాళ్ళు కూడా చాలాసార్లు అక్కడికే వెళ్తారు కదా! 2020లో ఆ సిరాజే కోల్‌కతా మీద 4 ఓవర్లలో 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్ల ప్రదర్శనతో మన దేశాన్ని 6 పరుగుల తేడాతో గెలిపించాడు.

ఇక నా సొంత సంగతి. సిగ్గుగానే ఉంది గానీ రాస్తాను. 2023లో నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు 2020 నుంచే నిషేధం ఉంది. అక్కడ అడ్డు లేదు. ఫోనులో ఒక యాప్ పెట్టుకున్నాను. ఏప్రిల్ 14న బ్రూక్ సెంచరీ కొట్టాడు. ఇంకేముంది, ఇక వీడే నా కెప్టెన్ అనుకున్నాను. తర్వాత ఐదు మ్యాచ్‌ల్లో ఆయన స్కోర్లు: 9, 18, 7, 0, 0. మొదట 49 రూపాయలు. పోయింది రాబట్టాలని తర్వాత వందలు. మూడు వారాల్లో 11 వేలు పోయాయి. సరిగ్గా అప్పుడే ఊళ్ళో మా బోరు మోటారు కాలిపోయింది. "రీవైండింగుకు డబ్బులు పంపు నాయనా, చేను ఎండిపోతా ఉంది" అని మా నాయన ఫోను. నా దగ్గర బస్సు ఛార్జీలు కూడా లేవు. ఆ రాత్రి బ్రూక్‌ను తిట్టని తిట్టు లేదు. తెల్లారాక ఆలోచిస్తే, బ్రూక్‌కు నేనెవరో కూడా తెలియదు. ధర కట్టింది నేను, లెక్క తప్పింది నేను. ఆ ఏడాది పెద్ద ఫ్లాపు నేనే!

ఎవరిని అడగాలో తెలియక, గుడ్లు గెలిచిన ఆ పాత మిత్రుడికి ఫోన్ చేశాను. పదో తరగతిలో లెక్కలు తప్పి చదువు మానేశాడు. మేమంతా వాణ్ణి "వేస్ట్" అన్నాం, అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మదనపల్లె యార్డులో టమోటా క్రేట్లు మోసి, ఇప్పుడు సొంతంగా చిన్న టెంపో తోలుకుంటున్నాడు. సాయంత్రానికల్లా మా ఊరికి వెళ్ళి మా నాయన చేతిలో డబ్బు పెట్టి వచ్చాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కోప్పడతాడనుకున్నా, నవ్వాడు. "పోనీలే అబ్బా, గుడ్డు పోయిందనుకో. ఇంక మాత్రం ఆడొద్దు" అన్నాడు. ఆ అప్పు తీర్చడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. వాడు ఒక్కసారి కూడా అడగలేదు.

2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. కానీ దొంగదారులు ఎప్పుడూ ఉంటాయి. మన ఇళ్ళలో డబ్బు ఎంత కష్టంగా వస్తుందో మనకు తెలుసు కాబట్టి, చట్టం కంటే ముందు మనమే మనకు కాపలా ఉండాలి.

కష్టపడితే మీరంతా సిరాజ్‌లు అవుతారని నేను చెప్పను. అందరూ కారు. సిరాజ్ కాకపోయినా ఎవడూ వేస్ట్ కాదనే నేను చెప్పేది. మార్కులు కూడా ఒక రోజు ధరే. అవి ముఖ్యం, అవి పెంచుకోండి, కానీ వాటితో పక్క మంచం వాణ్ణి తూచకండి. నోటు వెనక పేజీలో జట్లు రాసుకోండి, హాయిగా వాదించుకోండి, కావాలంటే గుడ్డు పందెం కాయండి. గెలిస్తే సగం వెనక్కి ఇవ్వడం మాత్రం మర్చిపోకండి.

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి