యూరప్ జాబ్ మార్కెట్: స్పెయిన్ తేరుకుంది.. జర్మనీకి ఏమైంది? మన స్టూడెంట్స్‌పై ఎఫెక్ట్ ఎంత?

పదేళ్ల క్రితం యూరప్‌లో ఉద్యోగాలంటే జర్మనీ, నిరుద్యోగమంటే స్పెయిన్. ఇప్పుడు గాలి మారింది. 2025 ఆగస్టులో జర్మనీలో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. గత పదేళ్లలో ఇదే తొలిసారి. మరోవైపు 2013 మొదట్లో దాదాపు 27 శాతం నిరుద్యోగంతో అల్లాడిన స్పెయిన్, 2024 చివరికి దాన్ని 10.6 శాతానికి దించింది.

జర్మనీలో అసలేం జరుగుతోంది? రష్యా నుంచి వచ్చే చౌక గ్యాస్ ఆగిపోయింది. ఫ్యాక్టరీల కరెంటు ఖర్చు పెరిగింది. ఎలక్ట్రిక్ కార్లలో చైనా దూసుకొచ్చింది. 2023, 2024లో వరుసగా ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. 2030 నాటికి 35 వేలకు పైగా పోస్టులు తగ్గించుకునేలా ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబర్‌లో కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుంది.

స్పెయిన్‌కు టూరిజం, వలస కార్మికులు కలిసొచ్చారు. 2021 చివర్లో తెచ్చిన కార్మిక సంస్కరణ తాత్కాలిక కాంట్రాక్టులకు కళ్లెం వేసింది. అంతకుముందు నలుగురు ఉద్యోగుల్లో ఒకరిది తాత్కాలిక కొలువే. అయితే ఇక్కడో మెలిక ఉంది. కొత్తగా వచ్చిన పర్మినెంట్ ఉద్యోగాల్లో కొన్ని సీజన్‌లో మాత్రమే పని ఇచ్చేవి. పని లేని నెలల్లోనూ వీళ్లను ఉపాధి ఆఫీసుల నిరుద్యోగుల లెక్కలో చూపించరు. అందుకే విమర్శలూ ఉన్నాయి.

అలాగని జర్మనీ పని అయిపోయిందనుకుంటే పొరపాటే. ఈయూ పద్ధతిలో లెక్కిస్తే 2025లో అక్కడ నిరుద్యోగం 4 శాతం లోపే. 2024లో ఈయూ సగటు 5.9 శాతం. అంటే రేటులో జర్మనీయే మెరుగు, దిశలో మాత్రం స్పెయిన్ ముందుంది.

ఇక మన సంగతి. జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులే ఎక్కువ. వాళ్లలో తెలుగువాళ్లూ చాలామందే. నిపుణులైన భారతీయులకు వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబర్‌లో బెర్లిన్ ప్రకటించింది. కానీ వీసా వేరు, జాబ్ వేరు. కార్ల కంపెనీలు కోతలు పెడుతున్న టైంలో మెకానికల్, ఆటోమొబైల్ కోర్సులవాళ్లకు పోటీ తప్పదు. నర్సింగ్, వృద్ధుల సంరక్షణలో మాత్రం మనుషుల కొరత తీరలేదు. అయితే ఆ కొలువులకు జర్మన్ భాష రావాల్సిందే. లక్షల్లో లోన్ తీసుకుని ఫ్లైట్ ఎక్కే ముందు చూడాల్సింది దేశం పేరు కాదు.. మన కోర్సుకు అక్కడ గిరాకీ ఉందా లేదా అన్నదే.