మురుగులో వెలుగు

బదిలీ మీద కొత్త ఊరు చేరగానే ప్రతి ఇంట్లోనూ కొన్ని ప్రశ్నలు మొదలవుతాయి. నీళ్లు ఎన్ని గంటలకు వదులుతారు? కరెంటు ఎక్కువగా పోతుందా? గ్యాస్ బుక్ చేస్తే ఎన్నాళ్లకు వస్తుంది? బడి బస్సు ఎక్కడ ఆగుతుంది? నేను పనిచేసిన ఊళ్లలో ఏ క్వార్టర్స్‌లోనూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మనం వాడి పారబోసిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

అడగకపోవడానికి కారణం లేకపోలేదు. మూడేళ్లు ఉండి వెళ్లిపోయే ఊళ్లో డ్రైనేజీ గొడవ మనకెందుకు అనుకుంటాం. అయితే పైన అడిగిన నీళ్లు, కరెంటు, గ్యాస్ మూడింటికీ ఈ ప్రశ్నతో సంబంధం ఉంది. మురుగును సరిగ్గా శుద్ధి చేస్తే నీళ్లు తిరిగి వాడుకోవచ్చు. మిగిలిన బురద నుంచి గ్యాస్ తీయవచ్చు. ఆ గ్యాస్‌తో కరెంటు పుట్టించవచ్చు. అందుకే పెద్ద నగరాల్లో మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టేటప్పుడే గ్యాస్ తీసే ఏర్పాటూ తప్పనిసరిగా ఉండాలని, కట్టినదాన్ని రోజూ నడిపించడమే అసలు పని అని నా అభిప్రాయం.

ముందుగా అక్కడ ఏం జరుగుతుందో చూద్దాం. మురుగునీటిలో 99 శాతానికి పైగా ఉండేది నీరే. అందులో కలిసిన కొద్దిపాటి మలినాన్ని వేరు చేయడమే శుద్ధి. మొదట ఇనుప జల్లెడలు ప్లాస్టిక్ సంచులు, గుడ్డపేలికలు, కర్రముక్కల్ని ఆపుతాయి. తరువాత ఇసుక అడుగున దిగుతుంది. పెద్ద తొట్టెల్లో నీటిని నిలకడగా ఉంచితే బరువైన మలినం కిందికి చేరుతుంది. పైనున్న నీటిలోకి గాలి పంపుతారు. ఆ గాలితో బతికే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన మలినాన్ని తిని, గుంపులు గుంపులుగా పెరిగి, అవి కూడా అడుగుకు చేరతాయి. ఈ పద్ధతిని 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు లోకానికి తెలిపారు. నూరేళ్లు దాటినా ప్రపంచంలో చాలా నగరాలు దీన్నే, దీని నుంచి వచ్చిన పద్ధతులనే వాడుతున్నాయి.

ఇలా అడుగున చేరిన చిక్కటి బురదనే స్లడ్జ్ అంటారు. నీరు శుభ్రపడినా ఈ బురద మిగులుతుంది. దాన్ని ఏం చేయాలన్నది ప్రతి నగరానికీ తలనొప్పే. గుట్టగా పోస్తే కంపు, వానకు మళ్లీ వాగులోకే. మూసిన పెద్ద ట్యాంకులో గాలి తగలకుండా మూడు, నాలుగు వారాలు వెచ్చగా ఉంచితే మాత్రం ఇంకోరకం సూక్ష్మజీవులు పనిలోకి దిగుతాయి. అవి బురదను కుళ్లబెట్టి గ్యాస్ వదులుతాయి. ఆ గ్యాస్‌లో దాదాపు 60 శాతం మీథేన్. మీ అమ్మమ్మగారి ఊళ్లో గోబర్ గ్యాస్ తొట్టి చూసి ఉంటే ఇది మీకు కొత్తేమీ కాదు. అక్కడ పేడ, ఇక్కడ నగరం మొత్తం మురుగు. అంతే తేడా. ఈ గ్యాస్‌ను శుభ్రం చేసి ఇంజనులో మండిస్తే జనరేటరు తిరుగుతుంది.

ఇది పుస్తకాల్లో మాట మాత్రమే కాదు. గుజరాత్‌లోని సూరత్‌ను చూడండి. వజ్రాల సానకు, బట్టల మిల్లులకు పేరున్న ఊరు. అక్కడి పవర్‌లూమ్‌ల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 1994 సెప్టెంబరులో ఆ ఊరి పేరు ప్రపంచమంతా మోగింది, మంచికి కాదు. వానలు, వరదలు, వీధుల్లో పేరుకున్న చెత్త, నిలిచిన మురుగు. వాటి వెనకే ప్లేగు. భయంతో లక్షల మంది దొరికిన రైలెక్కి, దొరికిన బస్సెక్కి ఊరు వదిలారు.

మరుసటి సంవత్సరం ఎస్.ఆర్. రావు అనే ఐఏఎస్ అధికారి అక్కడికి మునిసిపల్ కమిషనర్‌గా బదిలీ మీద వెళ్లారు. పొద్దున్నే అధికారులంతా కార్యాలయం వదిలి వీధుల్లో ఉండాలన్నది ఆయన పెట్టిన నియమం. చెత్త రోజూ ఎత్తారు, మురికివాడలకు కాలువలు వేశారు, రాత్రిపూట రోడ్లు ఊడ్పించారు. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా పేర్కొంది. ఆ తరువాత రావుగారికి బదిలీ అయింది. ఇక్కడే మనం గమనించవలసిన సంగతి ఉంది. ఆయన వెళ్లాక పని ఆగలేదు. 2003లో సూరత్ నగరపాలక సంస్థ అంజనా ప్రాంతంలోని శుద్ధి కేంద్రంలో బురద గ్యాస్‌తో నడిచే అర మెగావాటు విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించింది. దేశంలో ఇలాంటి తొలి కేంద్రాల్లో అది ఒకటి. తరువాత ఊళ్లోని మరికొన్ని శుద్ధి కేంద్రాల్లోనూ ఈ ఏర్పాటు చేశారు. 2014 నుంచి శుద్ధి చేసిన నీటిని మరింత శుభ్రపరిచి పాండేసరా పారిశ్రామికవాడకు అమ్మడం మొదలుపెట్టారు. మిల్లులు వాడే మంచినీరు ఆ మేరకు ఊరికి మిగిలింది.

అర మెగావాటు అంటే ఎంత? పూర్తి సామర్థ్యంతో ఇరవై నాలుగు గంటలూ నడిస్తే 12,000 యూనిట్లు. రోజుకు 8 యూనిట్లు వాడే ఇళ్లయితే 1,500 ఇళ్లకు సరిపోతుంది. అంత పెద్ద నగరానికి ఇది చాలదని మీరు అనవచ్చు. నిజమే. మురుగుతో నగరమంతా దీపాలు వెలుగుతాయని చెప్పేవారి మాట నమ్మవద్దు. ఈ కరెంటు అసలు ప్రయోజనం వేరు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రచురించిన లెక్కల ప్రకారం మన దేశంలో పట్టణాల నుంచి రోజుకు సుమారు 7,237 కోట్ల లీటర్ల మురుగు వస్తోంది. శుద్ధి చేయడానికి ఏర్పాటైన సామర్థ్యం సుమారు 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది సుమారు 2,024 కోట్ల లీటర్లు. ఈ మూడు అంకెల్ని ఒకసారి పక్కపక్కన రాసుకోండి. సగానికి పైగా మురుగుకు కేంద్రాలే లేవన్నది ఒక బాధ. కట్టిన సామర్థ్యంలోనూ మూడో వంతుకు పైగా వాడకంలో లేదన్నది ఇంకో బాధ. నాకు రెండోదే ఎక్కువ బాధగా ఉంటుంది. ఖర్చు పెట్టి, శిలాఫలకం వేసి, రిబ్బను కత్తిరించి, ఆ తరువాత పూర్తిగా నడపలేకపోవడం!

ఎందుకు నడపలేకపోతున్నారు? కొన్నిచోట్ల ఇళ్ల నుంచి మురుగు తెచ్చే పైపులే వేయలేదు. కొన్నిచోట్ల పని తెలిసిన మనుషులు లేరు. చాలాచోట్ల పెద్ద బరువు కరెంటు బిల్లు. నీటిలోకి పగలూ రాత్రీ గాలి పంపే యంత్రాలే అందులో ఎక్కువ భాగం వాడుకుంటాయి. సరిగ్గా ఇక్కడే బురద గ్యాస్ ఆదుకుంటుంది. తనకు కావలసిన కరెంటులో చెప్పుకోదగ్గ భాగాన్ని కేంద్రం తానే పుట్టించుకుంటే నగరపాలక సంస్థ మీద ఆ మేరకు బిల్లు తగ్గుతుంది. ఇది ఊరికి వెలుగివ్వడానికి కాదు, శుద్ధి ఆగిపోకుండా ఉండటానికి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. గ్యాస్ ట్యాంకులు కట్టడానికి ఖర్చవుతుంది. గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తీసేయకపోతే ఇంజను తుప్పు పడుతుంది. అపార్ట్‌మెంట్లలో, చిన్న కాలనీల్లో ఉండే చిన్న కేంద్రాలకు ఇది గిట్టుబాటు కాదు. ఇవన్నీ ఒప్పుకోవలసిన మాటలే. చిన్న కేంద్రాల బురదను పెద్ద కేంద్రానికి చేరిస్తే చివరి సమస్యకు దారి దొరుకుతుంది. మిగిలిన రెండింటికీ డబ్బు, శిక్షణ కావాలి. కాని గ్యాస్ తీయకపోతే ఖర్చు లేదనుకోవడం పొరపాటు. బురద ఎక్కడ కుళ్లినా మీథేన్ పుడుతుంది. అది గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కన చూసినప్పుడు, బొగ్గుపులుసు వాయువు కన్నా పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఆ ఖర్చు ఎవరి బిల్లులోనూ కనపడదు, అందరూ కడతారు.

ఇంకో ఖర్చు అంతకన్నా బరువైనది. ట్యాంకులో పుట్టే వాయువులే మూసుకుపోయిన మురుగు కాలువలోనూ పుడతాయి. మ్యాన్‌హోల్ మూత తీసి లోపలికి దిగిన కార్మికుడికి ఊపిరి ఆడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. కాపాడబోయి దిగిన రెండో మనిషీ పైకి రాని సంఘటనలు ఏటా వార్తల్లో చదువుతున్నాం. మనుషుల్ని ఇలా దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మృతుల కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ఉంది, తీర్పు ఉంది, దిగేవాళ్లూ ఇంకా ఉన్నారు. గ్యాస్ కరెంటు గురించి గొప్పగా చెప్పుకునే ఏ నగరమైనా ముందు మనిషిని దింపకుండా యంత్రంతో కాలువలు శుభ్రం చేయించాలి. లేకపోతే ఆ కరెంటును చూసి గర్వపడే హక్కు దానికి లేదు.

ఆ కాలువ ఎందుకు మూసుకుపోతుంది? ఇక్కడ మాట మన ఇంటికి వస్తుంది. వేపుడు మిగిలిన నూనె సింకులో పోస్తాం. అది పైపులో గడ్డకడుతుంది. దానికి ప్లాస్టిక్ కవరు, శానిటరీ న్యాప్‌కిన్, చిన్నపిల్లల డైపరు తగులుకుంటాయి. దారి మూసుకుపోతుంది. నూనెను పాత సీసాలో పట్టి చెత్తబండికి ఇవ్వడం, న్యాప్‌కిన్‌ను కాగితంలో చుట్టి విడిగా వేయడం కష్టమైన పనులు కావు. కార్ఖానాల సంగతి వేరు. రసాయనాలు, భార లోహాలు మురుగులో కలిస్తే గ్యాస్ చేసే సూక్ష్మజీవులు చనిపోతాయి. మిగిలిన బురద పొలానికి ఎరువుగానూ పనికిరాదు. ఆ నీటిని విడిగా శుద్ధి చేయించవలసింది ప్రభుత్వమే. మన నూనె సీసాతో ఆ బాధ్యత తీరిపోదు.

పిల్లలూ, మీలో చాలామంది ఈ బడిలో రెండు మూడేళ్లకన్నా ఉండరు. అయినా ఒక పని చేయవచ్చు. సైన్స్ మాస్టారినో మేడమ్‌నో అడిగి, అనుమతి తీసుకుని, దగ్గర్లోని మురుగునీటి శుద్ధి కేంద్రానికి తరగతి అంతా కలిసి వెళ్లండి. మూడు విషయాలు కనుక్కోండి. రోజుకు ఎంత మురుగు రావాలి, ఎంత వస్తోంది? బురదను ఏం చేస్తున్నారు? గ్యాస్‌ను పట్టుకుంటున్నారా, గాలిలోకి వదులుతున్నారా? జవాబులు తేదీ వేసి రాసి, ఆ నోటుబుక్కును బడి లైబ్రరీలో ఉంచండి. నాన్నగారికో అమ్మగారికో బదిలీ కాగితం వచ్చి మీరు వెళ్లిపోయినా, మీ బెంచీ మీదికి వచ్చే పిల్లలు మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి, తమ అంకెల్ని మీ అంకెల కింద రాస్తారు.