ఈసారి ఒక బస్తా గిర్నికి

ఏటూరునాగారం, మంగపేట, వెంకటాపురం, వాజేడు మండలాల్లో ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే మిర్చి కల్లాలు ఎర్రగా పరుచుకుంటాయి. ఆ కాయ బస్తాలకెక్కి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది. మామిడికాయ తొక్కు పెట్టే నాటికి మనలోనే చాలామంది కిరాణా కొట్లో కారం ప్యాకెట్ కొంటున్నాం. మిర్చి పండించేవాళ్లం కారం కొనుక్కోవడం ఏం లెక్క?

ఆ ప్యాకెట్‌లో ఏం కలిసిందో మనకు తెలియదు. తాలు కాయకు కూడా కొనేవాళ్లుంటారని మార్కెట్‌కు పోయిన ప్రతి రైతుకూ తెలుసు. తాలుకు రంగుండదు కదా, పొడికి ఆ రంగు ఎక్కడినుంచో రావాలి. 2005లో బ్రిటన్‌లో సుడాన్-1 అనే రంగు కలిసిన మిరప పొడి బయటపడింది. అది వాడిన వందల రకాల తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. బూట్ పాలిష్‌లో, మైనంలో వాడే రంగు అది.

మంచి కారానికి పెద్ద చదువు అక్కర్లేదు. కాయ చెట్టు మీదే పండాలి. మట్టి మీద కాకుండా పట్టాల మీద ఎండాలి, మంచు పడే రాత్రి కప్పాలి. తేమ నిలిచిన కాయకు బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే విషం, అఫ్లాటాక్సిన్, గిర్నిలో ఆడించినా కూరలో ఉడికించినా పోదు. తాలు ఏరి, తొడిమ తీసి పట్టించాలి. తేజ ఒక్కటే పట్టిస్తే నోరు మండిపోతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా కలిపితే మంట తగ్గి రంగు తేలుతుంది. ఏది ఎంత కలపాలో మన ఆడవాళ్లను అడిగితే చాలు. ఆ కారంలో ఎల్లిగడ్డలు, జీలకర్ర, ఉప్పు వేసి రోట్లో దంచితే ఆ పూటకు వేరే కూర అడిగేవాళ్లు ఉండరు.

మరి ఎందుకు పట్టించుకోలేకపోతున్నాం? అప్పు. భూమి కౌలుకు, విత్తనం, మందులు ఉద్దెరకు. కాయ కల్లంలో ఉండగానే షావుకారు బస్తాలు లెక్కపెడతాడు. 2021-22లో నల్ల తామర పురుగు తోటలు నాశనం చేసిన నాటి బాకీలు ఇంకా మోస్తున్నవాళ్లున్నారు. వాళ్లకు ఒక్క బస్తా ఆపుకోవడమూ కష్టమే.

అందుకే "కారం పట్టి అమ్ముకోండి, ధర సంగతి వదిలేయండి" అనే మాటకు మేము ఒప్పుకోం. మిర్చికి మద్దతు ధర లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది, అదీ మార్కెట్ జోక్యం పథకం కింద, కొంత సరుకుకే. ధర కోసం కొట్లాట కొట్లాటే, గిర్ని గిర్నే.

2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ చిన్న ఆహార పరిశ్రమల పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, 10 లక్షలు దాటకుండా, రాయితీ పెట్టారు. మిగతాదానికి బ్యాంకుకే పోవాలి. కాగితం లేని కౌలు రైతును బ్యాంకు గడప తొక్కనిస్తుందా? కాబట్టి గిర్ని, ఎండబెట్టే పట్టాలు, నిల్వకు ఒక గది మహిళా సంఘాల పేరున పెట్టించాలని ఏటూరునాగారం ఐటీడీఏను అడగాలని సంఘం అనుకుంటోంది.

అమ్మకానికి దూరం పోనక్కర్లేదు. రెండేళ్లకోసారి మేడారంలో లక్షల కుటుంబాలు చెట్ల కింద పొయ్యి పెట్టి కోడికూర వండుకుంటాయి. వచ్చే జాతరకు అక్కడ మన కారం దుకాణానికి స్థలం కూడా అడుగుదాం. ఒక బస్తా ఇవ్వగలిగినవాళ్లు ఈ నెల గ్రామ కమిటీలో పేరు రాయించండి. తేజనో చపాటానో కూడా చెప్పండి.