డాక్టరు చీటీ

నేనొక అబద్ధం ఆడాను. అదేం చిన్నాచితకా అబద్ధం కాదు, మూడు నెలలపాటు ఇంటిల్లిపాదినీ నమ్మించిన అబద్ధం. మా అత్తయ్యగారు ఈ పత్రికని అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలతో సహా చదువుతారు. కనక ఈ వారం మా ఇంట్లో ఏం జరగబోతుందో మీరే ఊహించుకోండి. అయినా సరే, చెప్పక తప్పదు.

సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఏలూరు వచ్చాడు. అక్కడ 2011లో మొదలుపెట్టి ఏటా ఆగస్టులో మారథాన్ పరుగు పెడుతున్నారుట. అందులో సగం దూరం పరుగు కూడా ఉందిట, 21 కిలోమీటర్లూ చిల్లర. "నువ్వూ రా అత్తయ్యా, ఏడు నెలల టైముంది" అన్నాడు. ఎగతాళికే అన్నాడో, నిజంగానే అన్నాడో గాని, 47 ఏళ్ళ నా బుర్రని ఆ మాట తొలిచేసింది.

పండగ వెళ్ళాక మావారితో, "ఏవండీ, రోజూ పొద్దున్నే పరిగెత్తడం నేర్చుకుంటాను" అన్నాను.

ఆయన పేపరు దించకుండానే, "ఎవరు తరుముతున్నారోయ్?" అన్నారు.

"పొద్దుణ్ణించీ రాత్రిదాకా ఇంట్లో పరుగే గదమ్మా, మళ్ళీ వీధిలో కూడానా?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ వేళాకోళానికి అనలేదు, జాలిపడే అన్నారు.

వారం రోజులు ఊరుకున్నాను. ఎనిమిదో రోజున రక్తపరీక్షకని చెప్పి వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాను. "షుగరు బోర్డరులో ఉందిటండీ. రోజూ గంటసేపు నడవమన్నారు. మెల్లిగా పరిగెత్తగలిగితే మరీ మంచిదిట" అన్నాను. ఏ డాక్టరూ అనలేదు. నేను ఏ పరీక్షా చేయించుకోలేదు. రైతు బజారుకి వెళ్ళి కిలో వంకాయలు కొనుక్కొచ్చాను, అంతే.

ఇల్లంతా ఒక్క రోజులో మారిపోయింది! సాయంత్రానికి మావారు బూట్లు పట్టుకొచ్చారు. డికాషన్ వెయ్యడం, మునిసిపాలిటీ నీళ్ళు పట్టడం ఇకనుంచీ తన వంతన్నారు. అత్తయ్యగారు కూరలు తరుగుతానన్నారు. అబ్బాయి ఫోనులో అలారం పెట్టి ఇచ్చాడు. ఎవరు తరుముతున్నారని మళ్ళీ ఎవరూ అడగలేదు. షుగరు తరుముతోంది గదా!

మొదటి రోజు స్టేడియంలో ఒక్క నిమిషం పరిగెత్తేసరికి గుండె గొంతులోకి వచ్చింది. తరవాత కిటుకు తెలిసింది. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఓ అరగంట. వారం వారం పరుగు పెంచుకుంటూ నడక తగ్గించుకుంటూ పోవాలి. పక్కవాళ్ళతో కబుర్లు చెప్పగలిగినంత నిదానంగానే పరిగెత్తాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైందన్నమాట. హైదరాబాదులో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలని మేనల్లుడు భయపెట్టాడు. మాది డెల్టా, పీట వేసినట్టు చదునుగా ఉండే నేల. అంచేత కాలవ వంతెనలూ, రైలు పట్టాల మీది వంతెనా నాకు కొండలయ్యాయి.

ఆదివారాలు మాత్రం దూరం పరుగు. కైకలూరు రోడ్డు పట్టుకుని కొల్లేటి వైపు వెళ్తాను. తెల్లవారుతూంటే అటూ ఇటూ చేపల చెరువులు, గట్ల మీద కొంగలు, ఐసునీళ్ళు కార్చుకుంటూ పోయే చేపల లారీలు. మా వీధిలో వాళ్ళే ఇద్దరు నాతో వస్తారు. ఒకావిడకి థైరాయిడు, ఇంకొకావిడకి బీపీ. ఇద్దరికీ నిఖార్సయిన డాక్టరు చీటీలున్నాయి. దొంగచీటీ నాదొక్కదానిదే. పిక్కలు పట్టేసినా, చెమటకి కళ్ళు మండినా, ఎవరికీ ఏదీ అందించక్కర్లేని గంట అంటూ ఒకటి ఉంటుందని నాకు ఆ రోడ్డు మీదే తెలిసింది.

ఏప్రిల్ చివర్లో మావారు తన పరీక్షలకి వెళ్తూ నన్నూ లాక్కెళ్ళారు. నా మూడు నెలల సగటు షుగరు 5.4 అని వచ్చింది. 5.7 లోపుంటే ఏ బాధా లేనట్టే. మావారు ఆ కాగితం పట్టుకుని వీధంతా చెప్పుకున్నారు. అత్తయ్యగారు పాయసం చేశారు. మర్నాడు నాలుగున్నరకి లేచి చూస్తే వంటింట్లో దీపం లేదు. "తగ్గిపోయిందిగా, ఇంకా ఎందుకోయ్?" అన్నారు మావారు దుప్పట్లోంచి. డికాషనూ, నీళ్ళూ, కూరలూ అన్నీ భద్రంగా నా దగ్గరికే తిరిగొచ్చేశాయి.

ఇదీ నా తగువు. రోగిష్టిదాన్ననుకున్నన్నాళ్ళూ నాకు రోజుకో గంట దొరికింది. ఆరోగ్యంగా ఉన్నానని తేలగానే అది పోయింది. ఇదెక్కడి న్యాయమండీ? దేవుడి చీటీ అయినా చెల్లుతుంది. మొక్కుంటే ద్వారకా తిరుమల దాకా కాలినడకన వెళ్ళొచ్చు. మోకాళ్ళ మాట ఎవరూ ఎత్తరు సరిగదా, దారిలో మజ్జిగిచ్చి దణ్ణం పెడతారు. రోగమన్నా ఉండాలి, మొక్కన్నా ఉండాలి. "నాకు ఇష్టం" అన్న చీటీ మాత్రం ఏ ఇంట్లోనూ చెల్లదు.

ఇంటిపని చాలదా అంటారు. లెక్క చూద్దాం. 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలూ, మగవాళ్ళు 97 నిమిషాలూ ఆ పనికి పెడుతున్నారని తేలింది. అంటే మనకి ఇంచుమించు అయిదు గంటలు. మరి మనమే దిట్టంగా ఉండాలి గదా? 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2022 నాటికి మనదేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివాళ్ళు ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం. అదీ ఇంటిపనిని కూడా శ్రమ కింద కలుపుకునే! పొయ్యి దగ్గర నిలబడితే నడుం లాగుతుంది గాని గుండెకి పని పడదు. అలిసిపోవడం వేరు, బలపడడం వేరు. మనకి మొదటిది దండిగా ఉంది.

మోకాళ్ళు అరిగిపోతాయంటారు. 2017లో ఒక వైద్యపత్రిక అనేక పరిశోధనలని గుదిగుచ్చి చూసింది. సరదాకి పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందికుంటే, కదలకుండా కూచునేవాళ్ళలో 10.2 శాతం మందికి ఉందిట. పోటీలే పనిగా పెట్టుకున్నవాళ్ళలో 13.3 శాతమన్న మాటా నిజమే. నేను పతకాలకి వెళ్ళడం లేదు లెండి.

ఆడదాని ఒంటికి పరుగు పడదనడం మన ఊరి మాటే అనుకోకండి. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెత్తి అలిసిపోయారని గగ్గోలు పెట్టి, 1960 దాకా ఆ పరుగే తీసేశారు. 1967లో కేథరిన్ స్విట్జర్ నంబరు తగిలించుకుని బోస్టన్ మారథాన్‌లో పరిగెడుతూంటే నిర్వాహకుడొకాయన వెంటపడి ఆ నంబరు లాగెయ్యబోయాడు. పరిగెడితే గర్భసంచి జారిపోతుందని బెదిరించిన రోజులవి. 1984 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథానే లేదు. మన చేలల్లో మోకాటిలోతు బురదలో రోజంతా వంగి ఆడవాళ్ళు నాట్లు వేస్తూంటే మాత్రం ఎవరికీ ఆ భయం కలగలేదు. ఒళ్ళు ఇంకొకరి పనికి అరిగితే ఫరవాలేదు, తన సరదాకి కదిలితేనే ముప్పు!

ఇంత కోపం ఎందుకంటే, మా అమ్మ కోసం. నా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాడు విమానాల కోసం వేసిన రన్‌వే ఉండేది. మగపిల్లలు దాని మీద సైకిళ్ళు తొక్కుతూ పందేలు వేసుకునేవారు. నేనూ వెళ్తానంటే అమ్మ, "ఆడపిల్లవి, పరుగులేవిటే!" అనేది. ఆవిడ మాత్రం తెల్లారి లేచింది మొదలు ఇంట్లో పరిగెడుతూనే ఉండేది. 58వ ఏట షుగరు బయటపడింది. డాక్టరు గంట నడవమన్నారు. నాన్నగారు, తమ్ముడు, మరదలు అందరూ సరేనన్నారు. కాని అప్పటికే అరికాళ్ళకి స్పర్శ తగ్గింది, మోకాళ్ళు వాచాయి. వీధి గుమ్మం దాటి నాలుగిళ్ళ అవతలికి వెళ్ళలేకపోయింది. ఎన్నాళ్ళకో ఆవిడకంటూ ఒక గంట మంజూరైంది. దాన్ని వాడుకోడానికి కాళ్ళు మిగల్లేదు.

అందుకే నేను మానలేదు. మూడున్నరకి లేచి, డికాషన్ వేసి, కూరలు తరిగిపెట్టి, నాలుగున్నరకి వెళ్తున్నాను. ఆ గంట ఇప్పుడు నా నిద్రలోంచి కోసుకుంటున్నది. ఎన్నాళ్ళు కోసుకోగలను? మీ ఇళ్ళల్లోనూ ఉంటారు కోడళ్ళూ, కూతుళ్ళూ. వాళ్ళు ఒక గంట అడిగితే, ఎందుకని అడక్కండి. రిపోర్టు చూపించమనకండి. బాగున్నప్పుడే ఇచ్చెయ్యండి. రోగమొచ్చాక ఎలాగూ ఇస్తారు, అప్పుడది మందుల ఖర్చులో జమ.

మొన్న అమ్మకి ఫోనులో సంగతంతా చెప్పాను. "21 కిలోమీటర్లంటే ఎంతే?" అంది.

"మన ఏలూరు నుంచి భీమడోలు దాకా వేసుకోవే, కాస్త అటూ ఇటూగా."

అమ్మ కాసేపాగి, "భీమడోలు దాకా వెళ్ళి, ద్వారకా తిరుమల వెళ్ళి దణ్ణం పెట్టుకోకుండానే తిరిగొచ్చేస్తావటే?" అంది. నవ్వుతూనే అంది. ఆ తరవాత మెల్లిగా, "పరిగెత్తు" అంది.

పరుగు వచ్చే నెలలోనే. అత్తయ్యగారూ, ఇక్కడిదాకా చదివే ఉంటారు. వంకాయల సంగతి మన్నించండి. ఈ ఆదివారం కూడా నాలుగున్నరకి కొల్లేటి రోడ్డుకి వెళ్తున్నాను. ఆ పూట డికాషన్ సంగతి మీ అబ్బాయికి చెప్పండి. నాకే జబ్బూ లేదు.